ఫ్యామిలీ రూము

గంజి వార్చేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదన్నది సుగుణమ్మ వంటింటి కట్టుబాటు. ఎమ్మిగనూరు ఆడపిల్లల హాస్టల్లో అరవై మందికి అన్నం ఉడికే అండ అది. ఒక చెవి తాను, రెండో చెవి ఉచ్చీరమ్మ, తడిపిన గోనెపట్టాలతో పట్టుకోవాలి. మూత జారకుండా అడ్డకట్టె నొక్కిపెట్టి ఇద్దరూ ఒక్కసారే వంచాలి. ఒకరు తొందరపడినా, ఒకరు ఆలస్యం చేసినా కాళ్ళు కాలతాయి. ఆ గురువారం అండ సగం వంగి, గంజి తెల్లటి ధారై తొట్టిలో పడుతుండగా బయట వ్యాను హారను మోగింది.

సుగుణమ్మ చేయి కదిలింది. గంజి చిమ్మి ఉచ్చీరమ్మ పాదం మీద పడింది.

“అమ్మా, నా కాలు! యాడ పెట్టుకున్న్యావే మనసు?”

“సూసుకోలేదత్తా. మంటగా ఉండాదా?”

“సూసుకోలేదు గానీ బాగా ఇన్యావులే,” అంటూ ఉచ్చీరమ్మ తొట్టి పక్కన కూలబడి పాదం మీద చన్నీళ్ళు పోసుకుంది. ఆమెకు అరవై దగ్గరపడ్డాయి. హాస్టల్లో గిన్నెలు తోమడం, కూరగాయలు తరగడం ఆమె పని. చుట్టరికం లేకపోయినా సుగుణమ్మ ఆమెను వరస కలిపి అత్తా అంటుంది. “పో, పోయి తలుపు తియ్యి. మళ్ళా మోగిస్తే రెండో కాలు నేనియ్యలేను.”

సుగుణమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వెనక తలుపు గడియ తీసింది.

సీమోను అప్పటికే మెటాడోరు వ్యాను తలుపులు తెరిచి బియ్యం మూట భుజానికెత్తుకున్నాడు. ఆదోనిలో ఒక సేటు కిరాణా అంగడికి అతను డ్రైవరు. వారానికి రెండుసార్లు హాస్టలుకు సరుకులు తెచ్చేది అతనే. నలభై దాటినా మూట కింద అతని నడక నిటారుగా ఉంటుంది. మూట దించబోయే ముందు స్టోరు గది నేల చెమ్మగా ఉందేమోనని పాదంతో తడిమి చూస్తాడు. ఆ తడమడం సుగుణమ్మకు ఇష్టం. పాలవాడి దగ్గర్నుంచి కట్టెలవాడి దాకా హాస్టలుకు వచ్చే మగవాళ్ళంతా ఆమెను సుగుణక్కా అనే పిలుస్తారు. సీమోను ఒక్కడే సుగుణమ్మా అంటాడు. ఆ తేడాను ఉచ్చీరమ్మ మొదటి నెల్లోనే పట్టేసింది. సుగుణమ్మకు అంతకన్నా ముందే తెలుసు.

సరుకులన్నీ దించాక అతను వెనక మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. ఎప్పటిలా తలుపు అవతలే నిలబడింది, ఒక చేయి గడియ మీద పెట్టుకుని.

“పిల్లోళ్ళు రేపు ఊర్లకు పోతారంట గదా,” అన్నాడు సీమోను.

“పరీక్షలైపోయినాయి. మళ్ళీ బుధవారం గానీ రారు.”

“అయితే ఆదివారం నీకు పొయ్యి ఉండదు.”

“ఉండదు.”

అతను చెంబులో మజ్జిగ ఒకసారి తిప్పాడు. “ఆదోనిలో మిద్దె మీద చైనా హోటలు పెట్టినారని సెప్పినా గదా. చల్లటి రూము, మెత్తని కుర్చీలు. ఆదివారం గుడి అయినాక పన్నెండు గంటల బస్సుకు రా. ఆడ బోంచేద్దాం.”

“నాకెందుకప్పా అట్లాంటి హోటళ్ళు?”

“నువ్వే అన్న్యావు గదా. ఒకరు వండి పెడితే లేయకుండా కూర్చొని తినాలని ఉందని.”

ఎప్పుడన్నదో సుగుణమ్మకు గుర్తుకు రాలేదు. ఏ ఎండపూటో అరవై కంచాలు నిండాక, అండ అడుగు గీక్కుంటూ అనుండాలి. వేసవిలోనో, వానల్లోనో. ఆ మాట అన్న తాను మరిచిపోయింది. విన్న అతను మోసుకు తిరుగుతున్నాడు.

“నీతో ఒక మాట గూడ మాట్లాడేది ఉంది,” అన్నాడు సీమోను.

“ఆ మాట ఈడ మాట్లాడరాదా?”

“ఈడొద్దు. అది మెట్టు మీద కూర్చొని మాట్లాడే మాట కాదు.”

అతను చెంబు బోర్లించి లేచి వెళ్ళిపోయాడు. సుగుణమ్మ తలుపు వేసి తిరిగేసరికి ఉచ్చీరమ్మ ఎర్రబడిన పాదం ముందుకు చాపుకుని, నవ్వుతూ ఆమెనే చూస్తోంది.

“పో మే,” అంది. “మొగుడు పోయి శానా ఏండ్లాయ. బిడ్డకు పెండ్లి చేసినావు, అత్తారింటికి పంపినావు. ఇంకెవరి కోసం కాపలా?”

ఆదివారం గుడిలో ప్రార్థన అయి వచ్చాక సుగుణమ్మ ట్రంకుపెట్టె అడుగునుంచి నీలం చేనేత చీర తీసింది. కూతురు మేరి పెళ్ళికి కట్టిన తర్వాత దాన్ని మళ్ళీ విప్పలేదు. మడతలు పడిన చోట రంగు కొంచెం వెలిసింది. ఆ మడత లోపలికి పోయేట్టు రెండుసార్లు కట్టి చూసుకుంది. ఉచ్చీరమ్మ ఎక్కణ్ణుంచో మూరెడు కనకాంబరాలు పట్టుకొచ్చింది.

“పూలు నాకెందుకత్తా?”

“మీ యేసుసామి పూలు వద్దన్నాడా?”

“అనలేదు.”

“మరి తల ఇట్ల తిప్పు.”

ఆదోని బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పత్తి బళ్ళ రోజులవి. బళ్ళను దాటుకుంటూ బస్సు ఆగాగి పోతోంది. ఊరు దగ్గరపడేకొద్దీ రోడ్డు పక్క తుమ్మచెట్లకు, కరెంటు తీగలకు పత్తి పోగులు చిక్కుకుని ఊగుతున్నాయి. ఆమె దారి పొడుగునా అతను అడగబోయే మాటను రకరకాలుగా అనుకుని చూసుకుంది. దానికి తానివ్వాల్సిన జవాబు మాత్రం ఒకటే. అది ఏ వైపు నుంచి అనుకున్నా మారలేదు.

సీమోను బస్టాండులో ఎదురు చూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన జుట్టు. ముందు ఆమెకు రెండడుగుల ముందు నడిచాడు. తర్వాత ఏం తోచిందో, నెమ్మదించి ఆమె పక్కకు వచ్చాడు. ఆమెకు ఎదురొచ్చే వాళ్ళెవరూ తెలియదు. తెలియని ఊళ్ళో, పట్టపగలు, ఒక మనిషి పక్కన సమంగా నడవడం ఎంత బాగుందో సుగుణమ్మ చాలా ఏళ్ళకు తెలుసుకుంది. హోటలు ఇంకొంచెం దూరంలో ఉంటే బాగుండుననిపించింది.

బోర్డు మీద కాళ్ళున్న పాము బొమ్మ నోట్లోంచి మంట కక్కుతోంది. మెట్లెక్కగానే పెద్ద హాలు. హాలు చివర అద్దాల తలుపు. సర్వరు వాళ్ళిద్దర్నీ కింది నుంచి పైకి చూశాడు.

“ఏసీ ఫ్యామిలీ రూమా, ఈడ హాల్లోనా? ఏసీకి రేటు వేరే ఉంటాది.”

“ఫ్యామిలీ రూమే,” అన్నాడు సీమోను. ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాడు.

లోపల ఎర్ర బల్బులు. మధ్యాహ్నం కాస్తా సాయంత్రమైపోయింది. మొత్తం నాలుగు బల్లలు. మూడింటి చుట్టూ జనం నిండి ఉన్నారు. గోడవార బల్ల దగ్గర రెక్సిను కుర్చీలో కూర్చోగానే చల్లదనం చీర గుండా వీపుకు తాకింది. సర్వరు ఇచ్చిన అట్ట మీద అంతా ఇంగ్లీషే. సీమోను దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఏది బాగుంటే అది తీసుకురాప్పా,” అన్నాడు. సర్వరు ఏమి రాసుకున్నాడో చెప్పకుండా రాసుకుని పోయాడు.

సీమోను జేబురుమాలు తీసి ఆమె ముందున్న గ్లాసు అంచు తుడిచాడు. తర్వాత తన గ్లాసు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏ పనీ లేని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చాలాసేపటికి రెండు చిన్న గిన్నెల్లో సూపు వచ్చింది. చిక్కగా, తెల్లగా, మధ్యలో నాలుగు మొక్కజొన్న గింజల్లాంటివి తేలుతున్నాయి. ఆమె చెంచాతో నోట్లో పోసుకుంది. సీమోను కూడా పోసుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“ఎట్లుంది?” అన్నాడు.

“సెప్పాల్నా?”

“సెప్పు.”

“గంజి. మా తొట్టిలో పారబోసే గంజే. చక్కెర వేసినారు.”

సీమోనుకు నవ్వు ఆగలేదు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేట్టు నవ్వాడు. “గంజి తాగనీకి ఎమ్మిగనూరు నుంచి టికెట్టు పెట్టుకొని వచ్చినావు,” అన్నాడు. ఆమె కూడా నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూసినా ఆపలేకపోయింది. ఎవరి ఎదుటైనా ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో. గంజి ఎంత ఖరీదైనా సరే, ఇంకో గిన్నె తాగడానికి ఆమె సిద్ధంగా ఉంది.

నవ్వు ఆగాక సీమోను చెంచా పక్కన పెట్టాడు. బల్ల మీదికి కొంచెం వంగాడు.

“సుగుణా,” అన్నాడు.

అమ్మా లేదు, అక్కా లేదు. వట్టి పేరు. ఆమె తల వంచుకుని తక్కిన మాట కోసం ఎదురుచూసింది.

అద్దాల తలుపు తెరుచుకుంది. వేడిగాలితో పాటు పిల్లల అరుపులు లోపలికి వచ్చాయి. సీమోను తలెత్తి చూసి, కుర్చీ వెనక్కు పడబోయేట్టు లేచి నిలబడ్డాడు. వచ్చింది అతని సేటు. వెంట భార్య, ఇద్దరు పిల్లలు, ఎవరో చుట్టాలు.

“అరే, సీమోనూ! నువ్వు కూడా వచ్చినావా ఈ హోటలుకు?” సేటు గొంతులో కోపమేమీ లేదు. ఆశ్చర్యమే. ఆయన కళ్ళు సుగుణమ్మ మీదికి, ఆమె జడలోని కనకాంబరాల మీదికి వచ్చి ఆగాయి. “ఈమె ఎవరప్పా?”

సీమోను చేతులు రెండూ ముందుకు కట్టుకున్నాడు.

“మా అక్క సార్. దేవనకొండ నుంచి వచ్చింది. ఊరు సూపిద్దామని.”

దేవనకొండ నిజమే. సుగుణమ్మ పుట్టిన ఊరు అదే. ఎప్పుడో మెట్టు దగ్గర మజ్జిగ తాగుతూ అడిగి తెలుసుకున్నాడు.

“మంచి పని చేసినావు. అక్కను బాగా చూసుకోవాల,” అని సేటు ఖాళీ బల్ల కోసం చుట్టూ చూశాడు. ఒక్కటీ ఖాళీ లేదు. సేటు ఏమీ అడగలేదు. అడగకముందే సీమోను తన కుర్చీ వెనక్కు లాగాడు.

“మీరు ఈడ కూర్చోండి సార్. మేము బయట హాల్లో కూర్చుంటాం. మాది అయిపోయింది.”

అసలు తిండి ఇంకా రానే లేదు. అతను సుగుణమ్మ వైపు చూడకుండా, లెమ్మన్నట్టు చేయి ఊపాడు. ఆమె లేచింది. సగం తాగిన సూపు గిన్నెను ఏమి చేయాలో తెలియక చేతిలోకి తీసుకుంది. సేటు భార్య పక్కకు జరిగి దారి ఇచ్చింది. సుగుణమ్మ తన గిన్నె తానే పట్టుకుని అద్దాల తలుపు భుజంతో తోసుకుంటూ బయటికి వచ్చింది.

హాల్లో ఇనుప బల్లలు. పైన ఫ్యాను ఆగి ఉంది. వంటగది తలుపు తెరిచినప్పుడల్లా మాడిన నూనె వాసన, మంట సెగ మొహానికి కొడుతున్నాయి. కాసేపటికి సర్వరు నూడుల్సు పళ్ళెం ఒకటి, అన్నం పళ్ళెం ఒకటి తెచ్చి నడిబల్ల మీద పెట్టి, లోపలి రూములోకి పరిగెత్తాడు. సేటు వాళ్ళకు నీళ్ళు పోయాలి.

ఎవరూ వడ్డించలేదు. పళ్ళేలు అలాగే ఉన్నాయి. సీమోను చేతులు బల్ల కింద ఉన్నాయి. కొంతసేపు చూసి సుగుణమ్మ లేచింది. బల్ల మీదికి వంగి, గరిటెలాంటి చెంచాతో అతని కంచంలో నూడుల్సు పెట్టింది, పక్కన అన్నం పెట్టింది. తన కంచంలో పెట్టుకోబోతూ, తాను నిలబడి ఉన్న సంగతి అప్పుడు గమనించింది. కూర్చుంది.

నూడుల్సు చల్లారి ఒకదానికొకటి అతుక్కున్నాయి. మధ్యలో పచ్చిపచ్చిగా క్యాబేజీ. పులుపూ తీపీ కలిసిన ఏదో నీరు. తిన్నకొద్దీ నాలుక మీద నూనె పేరుకుంటోంది. పొద్దున్నే ఏమీ తినకుండా ఆకలిని దాచుకుని వచ్చింది ఆమె. బస్టాండు పక్క బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నా కడుపు చల్లబడి ఉండేది.

“బాగుండాదా?” అన్నాడు సీమోను కంచంలోకి చూస్తూ.

“వేడిగా ఉండింటే బాగుండునేమో.”

సర్వరు సోంపు పళ్ళెంలో బిల్లు తెచ్చి పెట్టాడు. సీమోను దాన్ని చూసి, జేబులోంచి మడిచిన నోట్లు తీశాడు. తర్వాత చొక్కా లోపలి జేబులో చేయి పెట్టాడు. చెవుల కొసలు ఎర్రబడ్డాయి.

“ఏమిటి?” అంది సుగుణమ్మ.

“ఏం లేదు. ఏసీ రూము రేటు వేసినాడు.”

“ఏమప్పా,” సుగుణమ్మ సర్వరును పిలిచింది. “మేము తినింది ఈడ గదా. ఉక్కలో కూర్చోబెట్టి చల్లటి రూముకు దుడ్లు అడుగుతాండావే?”

“ఆర్డరు ఆడ ఇచ్చినారమ్మా.”

“ఆడ్నుంచి లేపినారు గదా.”

“మేము లేపలేదమ్మా.” సర్వరు వెటకారంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. “మీ తమ్ముడే లేసినాడు.”

సీమోను నోట్లు పళ్ళెంలో పెట్టి లేచాడు.

బస్టాండుకు నడిచేటప్పుడు అతను ఆమె పక్కనే నడిచాడు. “సేటు చెడ్డోడు కాదు,” అన్నాడు. “కానీ ఇంత పెద్ద హోటల్లో డ్రైవరు తింటాంటే, ఇన్ని దుడ్లు యాడివని అనుకోడా? అదీ ఒక ఆడమనిషితో. నాకు నోటికి అదే వచ్చింది. కోపమొచ్చిందా?”

“లేదు.”

“సేటు గోడౌను పక్క రూములోనే నేను, మా యమ్మ ఉండేది. నీకు తెలుసు గదా.”

“తెలుసు.”

ఎమ్మిగనూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. జనం తోసుకుంటున్నారు. సీమోను కిటికీలోంచి తన తువ్వాలు విసిరి ఆమెకు సీటు పట్టాడు. ఆమె ఎక్కి కూర్చున్నాక కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. డ్రైవరు ఇంజను మోత పెంచాడు. ఆ మోతలో సీమోను మొహం ఊచలకు ఆనించి అన్నాడు:

“నేను నిన్ను చేసుకోవాలనుకుంటాండాను. మెల్లగా సేటుకు సెప్తా. మా యమ్మకు సెప్తా. నువ్వు ఏమంటావో బుధవారం వచ్చినప్పుడు సెప్పు.”

బస్సు కదిలింది. ఏడాదిగా ఆమె వినాలనుకున్న మాట అది. సగం ఇంజను మోతలో పోయింది.

ఖాళీ హాస్టల్లో సోమవారం, మంగళవారం చాలా పొడుగ్గా గడిచాయి. ఉచ్చీరమ్మ అడిగినదానికల్లా జవాబు చెప్పింది సుగుణమ్మ. ఎర్ర దీపాల గురించి చెప్పింది. చక్కెర గంజి గురించి చెబితే ఉచ్చీరమ్మ పడీపడీ నవ్వి, “అంత దుడ్లు పోసి గంజి తాగినారా! నన్నడిగింటే తొట్టితో పంపిస్తుంటి,” అంది. అక్క అన్న మాట గురించి మాత్రం సుగుణమ్మ చెప్పలేదు.

పొయ్యి అలికింది. అండలకు బూడిద పెట్టి తోమింది. తోముతున్నంతసేపూ ఆ ఎర్ర వెలుతురులో అతను బల్ల మీదికి వంగడం, వట్టి పేరుతో పిలవడం మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది. అక్కడికే ఆపుకోవాలని చూసేది. కుదిరేది కాదు. వెంటనే తలుపు తెరుచుకునేది. భయపడ్డాడు పాపం, అనుకుంది. ఇల్లు సేటుది, వ్యాను సేటుది, ఆ చొక్కా కూడా సేటు పండక్కి కుట్టించిందే అయుంటుంది. భయపడని వాళ్ళెవరు? మెట్టు దగ్గర మజ్జిగ ఇచ్చేటప్పుడు తాను గడియ మీద చేయి తీయకపోవడం మాత్రం భయం కాదా? మంగళవారం సాయంత్రం అతని తువ్వాలును సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది. ఆరాక మడత పెడుతుంటే, సరేనని చెప్పడానికే నిశ్చయమైంది. ఎలా చెప్పాలన్నదే ఇంకా తేలలేదు.

బుధవారం పొద్దున పిల్లలు ఒక్కొక్కరే పెట్టెలతో దిగుతున్నారు. వార్డెను రమాబాయి స్టోరు గది గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని సరుకుల లెక్క చూసుకుంటోంది. ఆవిడ మంత్రాలయం వైపు ఆచార్ల ఇంటి ఆడపడుచు. మాట తక్కువ, చూపు ఎక్కువ. లోపల సుగుణమ్మ పప్పు డబ్బాలు దులుపుతోంది. వ్యాను వచ్చిన చప్పుడైంది. సీమోను మొదటి మూట దించి, రెండోదానికి బయటికి పోయాడు. తువ్వాలు సుగుణమ్మ నడుము దగ్గర కొంగులో ఉంది.

“సుగుణమ్మా,” అంది రమాబాయి కలం మూస్తూ. “ఆదివారం ఆదోనిలో, ఆ కొత్త హోటలు మెట్లు దిగుతా ఉంటే నిన్ను మన స్కూలు టీచరమ్మ ఒకామె చూసిందంట. సీమోనుతో.”

సుగుణమ్మ డబ్బా కింద పెట్టింది.

“నువ్వు ఎట్లాంటిదానివో నాకు తెలుసు. కానీ ఇది ఆడపిల్లల హాస్టలు. పైవాళ్ళు అడిగితే నేను జవాబు చెప్పాల. ఆ మనిషి నీకేమన్నా చుట్టం అవుతాడా? అవుతాడంటే అట్లే చెప్తాను. మాట ఆడికే అయిపోతుంది.”

గుమ్మంలో వెలుతురు తగ్గింది. కందిపప్పు మూటతో సీమోను నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడని అతని మొహమే చెబుతోంది. త్వరత్వరగా అన్నాడు:

“మేడమ్, సుగుణక్క నాకు...”

“చుట్టం కాదు మేడమ్,” అంది సుగుణమ్మ.

తన గొంతు అంత మామూలుగా రావడం ఆమెకే వింతగా తోచింది.

“నన్ను పెండ్లి చేసుకుంటానని అడిగినాడు. నేనింకా జవాబు సెప్పలేదు. ఆ మాట మాట్లాడుకోనీకే పోయినాము.”

పెరట్లో ఉచ్చీరమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. రమాబాయి కళ్ళద్దాలు తీసి సీమోను వైపు చూసింది.

“నిజమేనా?”

మూట ఇంకా అతని భుజం మీదే ఉంది. “అదీ... సేటుకు ఇంకా చెప్పలేదు మేడమ్.”

“నేను మీ సేటును అడగలేదు. నిన్ను అడిగినాను.”

సీమోను మూట దించాడు. ఆ రోజు నేలను పాదంతో తడిమి చూడలేదు. వంగిన నడుముతోనే అన్నాడు, “ఇంకా ఏమీ అనుకోలేదు మేడమ్. ఊరికే, మాటల్లో మాట.”

రమాబాయి కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. సుగుణమ్మ వైపు చూసినప్పుడు ఆవిడ గొంతు మెత్తబడింది.

“పొయ్యి మీద ఎసరు మరుగుతా ఉన్నట్టుంది. పోయి చూడు,” అంది. లేచి వెళ్ళిపోయింది.

సుగుణమ్మ వెనక తలుపు దాకా వచ్చింది. ఈసారి మెట్టు దిగి వ్యాను దగ్గరికే నడిచింది. తువ్వాలు తీసి అతనికి ఇచ్చింది. సీమోను దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

“అట్ల ఎగిరి సెప్పేస్తే ఎట్ల?” అన్నాడు. గొంతులో కోపం కన్నా ఏడుపే ఎక్కువగా ఉంది. “నాలుగు దినాలు ఓపిక పట్టింటే నేనే దావ చేసుకుంటుంటి. ఇప్పుడు ఊరంతా అయితాది.”

“నా సంగతి నేను సెప్పుకున్నా. నీ తరపున ఏమీ సెప్పలేదు.”

“మరి నీ జవాబు?”

“సరే అనాలనుకుంటి,” అంది సుగుణమ్మ. “ఈ పొద్దున దాకా.”

అతను ఏదో అనబోయాడు. ఆమె ఎదురుచూసింది, నిజంగానే ఎదురుచూసింది. ఇప్పుడైనా ఆ గుమ్మం దాకా వెనక్కు నడిచి ఆ మేడమ్‌తో ఒక్క ముక్క అంటే చాలు. దూరం కూడా ఏమంత లేదు. సీమోను తువ్వాలు భుజాన వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకుని వ్యాను ఎక్కాడు.

శనివారం సరుకులు తెచ్చింది వేరే మనిషి. తలకు మఫ్లరు చుట్టుకున్న ముసలాయన.

“నా పేరు గోవిందన్న అక్కా. ఇంక ఈ లైను నాది,” అన్నాడు మూటలు దించుతూ. “సీమోను మంత్రాలయం లైనుకు పోయినాడు. ఆయనే సేటును అడిగి మార్పించుకున్నాడు. ఆ పక్క లాడ్జీలకు సరుకు శానా పోతాది గదా.”

“మజ్జిగ తాగుతావా అన్నా?” అంది సుగుణమ్మ.

గోవిందన్న తాగి, చెంబు కడిగి ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఎండ వాలాక ఆడవాళ్ళిద్దరూ పెరట్లో పుంటికూర పరుచుకుని కూర్చున్నారు. రాత్రికి పుంటికూర పప్పు. ఉచ్చీరమ్మ ఆకులు గిల్లుతోంది గానీ మనసు దాని మీద లేదు. అడగాలా వద్దా అని రెండు కట్టలు అయ్యేదాకా తటపటాయించి, చివరికి అడిగేసింది.

“ఒకటి సెప్పు మే. ఆ పొద్దు మేడమ్ దగ్గర నువ్వు గూడ అవునని, చుట్టమేనని అనింటే, ఆ మనిషి నీకు మిగిలిండునేమో గదా?”

సుగుణమ్మ ఒక కాడకున్న ఆకులన్నీ గిల్లి, కాడను పక్కన పడేసింది.

“మిగిలిండును అత్తా. తమ్ముడై మిగిలిండును.”

ఉచ్చీరమ్మ ఇంకో కట్ట విప్పి, సగం సుగుణమ్మ ముందుకు తోసింది.

ప్రహరీ అవతల ఆదోని రోడ్డు మీద బండి చప్పుడైంది. దూరం నుంచి ఇంజను మోత మెటాడోరు మోతలాగే ఉంది. సుగుణమ్మ చేతిలో కాడ ఆగిపోయింది. ఒళ్ళోని ఆకులు జారిపోతున్నా లేచి నిలబడింది. గోడ మీదుగా మెడ చాచి చూసింది. గేటు దగ్గరికి వచ్చేసరికి అది పత్తి లారీ. బోరాలు ఎత్తుగా కట్టుకుని, ఆగకుండా ఊరి వైపు సాగిపోయింది. వెనకాల దుమ్ము లేచింది. ఆ దుమ్ము మొత్తం రోడ్డు మీద సద్దుమణిగేదాకా ఆమె అలాగే నిలబడింది. తర్వాత కింద పడిన ఆకులు ఏరుకుని, మట్టి ఊదుకుంటూ కూర్చుంది.